సామెత మందుచీటీ అవుతుందా? తెలుగు నానుడులలో గృహవైద్యం – సాక్ష్య విలువ

ప్రస్తావన

తెలుగు సామెతలపై వెలువడిన వ్యాసాలలో, సిద్ధాంత గ్రంథాలలో ‘వైద్య విజ్ఞానం’ అనే ఉపశీర్షిక తరచుగా కనిపిస్తుంది. దాని కింద ఉల్లిని గురించి, లంఖణాన్ని గురించి, మితభోజనాన్ని గురించి ప్రచారంలో ఉన్న సామెతలను వరుసగా ఉదాహరించి, పూర్వికులకు ఆరోగ్య సూత్రాలు తెలుసునని, అవి సామెతల రూపంలో తరతరాలకు అందాయని తేల్చడం పరిపాటి. ఈ నిర్ధారణలో రెండు వేర్వేరు ప్రతిపాదనలు కలిసిపోయి ఉన్నాయి. ఒక ఆచారం సమాజంలో ఉండేదని సామెత తెలుపుతుందనేది మొదటిది. ఆ ఆచారం రోగాన్ని కుదిర్చేదని కూడా సామెత తెలుపుతుందనేది రెండవది. మొదటిదాన్ని భాషాసాహిత్య పరిశోధన తన సాధనాలతో పరీక్షించగలదు. రెండవదాన్ని పరీక్షించే సాధనాలు దాని వద్ద లేవు. అయినా మొదటిదానికి దొరికిన ఆధారాన్నే రెండవదానికీ ఆధారంగా చూపడం జరుగుతున్నది.

జలుబు, దగ్గు, అజీర్ణం, విరేచనాలు, జ్వరం, బాలింత బలహీనత, పసిపిల్లల కడుపునొప్పి వంటి నిత్యబాధలకు వైద్యుని వద్దకు పోకుండా ఇంట్లో ఉన్న దినుసులతో చేసుకునే చికిత్సను ఈ వ్యాసం గృహవైద్యంగా గ్రహిస్తున్నది. తెలుగు సామెతలు, జాతీయాలు ఈ గృహవైద్యానికి ఎలాంటి సాక్ష్యం ఇస్తాయి, ఎక్కడ ఇవ్వవు అనేది ఇందులో పరిశీలనాంశం. ఇది కేవలం పద్ధతికి సంబంధించిన చర్చ అనుకోరాదు. పరిశోధన పత్రికలో అచ్చయిన మాటకు ప్రమాణ విలువ ఏర్పడుతుంది. అది పాఠ్యాంశాలలోకి, పత్రికల ఆరోగ్య శీర్షికలలోకి, మందుల ప్రకటనలలోకి చేరుతుంది. సామెతల వెనుక ఉన్న ఆచారాలలో కొన్ని నెలల పసికందు నోటికి సంబంధించినవి. కనుక ఇక్కడ జరిగే పొరపాటు కాగితానికే పరిమితం కాదు.

ప్రాస ఎంచిన ఔషధం

“ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదు” అనే సామెత ఈ కోవలో అందరూ మొదట చూపే ఉదాహరణ. దీనిని వైద్యసూత్రంగా చదవాలంటే కనీసం నాలుగు విషయాలు తెలియాలి. ఏ ఉల్లి? ఏ బాధకు? ఎంత? ఏ రూపంలో? సామెతలో వీటిలో ఒక్కదానికీ సమాధానం లేదు. మొదటి ప్రశ్న వద్దనే చిక్కు ఏర్పడుతుంది. కోస్తా వాడుకలో ఉల్లిపాయ, వెల్లుల్లి. తెలంగాణలో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ. రాయలసీమలో ఎర్రగడ్డ, తెల్లగడ్డ అని ఈ రెండు దుంపలకు పేర్లు. వెల్లుల్లి అనే సమాసంలోనే ‘తెల్లని ఉల్లి’ అనే అర్థం ఉంది కాబట్టి, ఉల్లి అనే మాట రెండింటికీ సామాన్య నామం కావడానికి అవకాశం ఉంది. ఆయుర్వేదం పలాండువును, లశునాన్ని వేర్వేరు ద్రవ్యాలుగా గుర్తించి వేర్వేరు గుణాలు చెప్పింది. కాశ్యప సంహిత లశునానికి ప్రత్యేకంగా ఒక కల్పాధ్యాయాన్నే కేటాయించింది. శాస్త్రం అంత జాగ్రత్తగా వేరుచేసిన రెండు ద్రవ్యాలలో సామెత దేనిని పొగుడుతున్నదో సామెతను బట్టి తేలదు.

సామెతకు అది అవసరం కూడా కాదు. ‘ఉల్లి’, ‘తల్లి’ అనే మాటల మధ్య ఉన్న ప్రాసమైత్రి ఈ వాక్యానికి ప్రాణం. ఎర్రగడ్డ అనే మాటను ఇందులో పెడితే సామెత నిలవదు. ఆ వాడుక ఉన్న ప్రాంతంలో కూడా సామెత చెప్పదలచినవారు ‘ఉల్లి’నే తెచ్చుకోవాలి. అంటే సామెతలోని పదం వంటింట్లో వాడే పదం నుంచి కాక, సామెత శ్రవ్య నిర్మాణం నుంచి వచ్చింది. ఉల్లిని కొన్ని కుటుంబాలు, కొన్ని వర్ణాలు, కొన్ని వ్రతదినాలు పూర్తిగా వర్జించిన సమాజంలోనే ఈ పొగడ్త పుట్టిందన్న సంగతిని కూడా గమనించాలి. ఆ నేపథ్యంలో ఈ సామెత ఒక పక్షం వాదనగా, వర్జితమైన పదార్థాన్ని నిలబెట్టే సమర్థనగా వినబడుతుంది. వైద్యసూత్రంగా చదివినప్పుడు ఈ సామాజిక ధ్వని పూర్తిగా మరుగున పడుతుంది.

“ఒక పూట తిన్నవాడు యోగి, రెండు పూటలు తిన్నవాడు భోగి, మూడు పూటలు తిన్నవాడు రోగి” అనే నానుడిలో కూడా యోగి, భోగి, రోగి అనే మూడు పదాల అంత్యప్రాస భావాన్ని నడిపిస్తుంది. మూడు పూటల భోజనం రోగహేతువన్న నిర్ణయానికి ఈ నానుడిలో ప్రాస తప్ప మరో కారణం కనబడదు. పొలంలో పగలంతా శ్రమించేవారికి, గర్భిణికి, పెరిగే పిల్లలకు ఇది వర్తించదని వినేవారికి తెలుసు. కాబట్టే ఎవరూ దీనిని అక్షరాలా పాటించలేదు. అతిగా తినేవానిని మందలించడానికి మాత్రమే వాడుకున్నారు.

“లంఖణం పరమౌషధం” అనే మాట మరింత లోతైన పరిశీలనను కోరుతుంది. ఇది శాస్త్రంతో నేరుగా సంబంధం ఉన్న నానుడి. శాస్త్ర పరిభాషలో లంఘనం అంటే శరీరానికి లాఘవం కలిగించేది. చరక సంహిత సూత్రస్థానంలో చికిత్సా విధానాలను లంఘనం, బృంహణం, రూక్షణం, స్నేహనం, స్వేదనం, స్తంభనం అని ఆరుగా విభజించారు. లంఘనంలో మళ్ళీ పది విధాలు చెప్పారు. నాలుగు రకాల శోధనలు, దప్పికను ఓర్చుకోవడం, గాలి, ఎండ, పాచన ద్రవ్యాలు, ఉపవాసం, వ్యాయామం ఆ పది. అందులో ఉపవాసం ఒకటి మాత్రమే. జ్వరానికి ఆదిలో లంఘనం చెప్పిన చోటనే క్షయం వల్ల, వాతం వల్ల, భయం, క్రోధం, కామం, శోకం, శ్రమల వల్ల కలిగిన జ్వరాలకు అది కూడదనే మినహాయింపును కూడా చరకం చేర్చింది.

శాస్త్రవాక్యం నానుడిగా మారే క్రమంలో మూడు మార్పులు జరిగాయి. ఆరింటిలో ఒకటైన విధానం అన్నిటికంటె పరమమైనదిగా మారింది. పది విధాలలో ఒకటైన ఉపవాసం మొత్తం లంఘనానికి పర్యాయమైంది. మినహాయింపులు అన్నీ జారిపోయాయి. ఈ మార్పులను వరుసగా గుర్తించడం సాహిత్య పరిశోధన చక్కగా చేయగల పని. ఈ మార్పులను విస్మరించి నానుడిని శాస్త్రసారంగా ప్రశంసించడం వల్ల శాస్త్రానికీ నానుడికీ రెండింటికీ అన్యాయం జరుగుతుంది. పర్యవసానం కూడా చిన్నది కాదు. విరేచనాలతో బాధపడే పసివారికి ఆహారం మాన్పించరాదని, ద్రవాలతో పాటు ఆహారాన్నీ కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అటువంటి బిడ్డ విషయంలో ఈ నానుడిని సూత్రంగా పాటించడం ప్రమాదకరం.

మందుచీటీ వాక్యనిర్మాణం

గృహవైద్యం చెప్పే వాక్యానికి తెలుగులో ఒక స్థిరమైన నిర్మాణం ఉంది. ‘దగ్గుకు మిరియాలు’, ‘జలుబుకు శొంఠి’, ‘అజీర్తికి వాము’ అనేవి దాని రూపాలు. రోగవాచకం మీద కు/కి ప్రత్యయం, తరువాత ద్రవ్యవాచకం, క్రియ ఉండదు. సంప్రదాయ వ్యాకరణం షష్ఠీ విభక్తిలో చేర్చిన ఈ ప్రత్యయమే ఇక్కడ రోగాన్నీ మందునూ కలిపే బంధం. ఈ నిర్మాణాన్ని సామెత ఎలా వాడుకున్నదో పరిశీలిస్తే ఆసక్తికరమైన విషయాలు బయటపడతాయి.

“కుక్క కాటుకు చెప్పు దెబ్బ” అనే సామెతది అచ్చంగా ఇదే నిర్మాణం. కుక్క కాటు రోగస్థానంలో, చెప్పు దెబ్బ మందు స్థానంలో ఉన్నాయి. అయినా దీనిని చికిత్సగా ఎవరూ గ్రహించరు. తగిన శాస్తి అనే అర్థం అందరికీ స్పష్టమే. మందుచీటీ రూపాన్ని అరువు తెచ్చుకొని, మందు ఉండవలసిన చోట శిక్షను పెట్టడమే ఈ సామెత చమత్కారం. రూపాన్ని బట్టి ఒక వాక్యాన్ని వైద్యసూత్రమని నిర్ణయించడం సాధ్యం కాదనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అవసరం లేదు. “పిచ్చి కుదిరింది, తలకు రోకలి చుట్టమన్నట్లు” అనే సామెత ఒక అడుగు ముందుకు వెళుతుంది. రోగం కుదిరిందన్న ప్రకటనే రోగం కుదరలేదనడానికి నిదర్శనం కావడం ఇందులోని వ్యంగ్యం. మందు గుణమిచ్చిందని రోగి చెప్పే మాటను ఎంతవరకు నమ్మవచ్చు అనే ప్రశ్న ఇందులో ఉంది. గృహవైద్యాన్ని పొగిడే వ్యాసాలు ఈ సామెతను ఆ కోణంలో పట్టించుకోవు.

“రోగి కోరిందీ పాలే, వైద్యుడిచ్చిందీ పాలే” అనే సామెత పాలు మంచివని చెప్పడానికి పుట్టింది కాదు. రోగి కోరికకు, వైద్యుని విధికి మామూలుగా పొసగదన్న అనుభవం దీనికి పునాది. రెండూ అరుదుగా కలిసినప్పుడు కలిగే సంతోషాన్నో, ఆ కలయిక వెనుక ఉన్న లాలూచీనో సందర్భాన్ని బట్టి ఇది సూచిస్తుంది. “పెరటి చెట్టు మందుకు పనికిరాదు” అనే సామెత కూడా చెట్టును గురించిన తీర్పు కాదు. దగ్గరగా ఉన్నదాని విలువ గుర్తించని మనుషులను గురించినది. అయితే ఈ సామెత పనిచేయాలంటే పెరట్లో మందుచెట్టు ఉండటం శ్రోతకు మామూలు విషయమై ఉండాలి. ఆ మేరకు ఇది పెరటి వైద్యం ఉనికికి సాక్ష్యం. చెట్టు గుణానికి సాక్ష్యం కాదు.

వైద్యుని పట్ల సామెతల ధోరణిలో అనుమానం ఎక్కువ. సుమతీ శతకంలోని ఒక ప్రసిద్ధ పద్యం ఊరు నివాసయోగ్యం కావడానికి ఉండవలసిన వారిలో వైద్యుని చేర్చింది. కానీ నీతి పద్యం ఇచ్చిన ఆ గౌరవాన్ని సామెత ఇవ్వలేదు. పలువురిని చంపిన తరువాతనే వైద్యుడవుతాడనే భావం సంస్కృతంలోనూ తెలుగులోనూ తమిళంలోనూ నానుడిగా ఉంది. తమిళ సామెతలో ‘వేయి మంది’ అనే అర్థమిచ్చే మాట నిజానికి ‘వేయి వేర్లు’ అనే మాటకు అపభ్రంశమని, వేయి వేర్లను సేకరించినవాడే సగం వైద్యుడని దాని అసలు అర్థమని ఒక వివరణ ఆ భాషలో బాగా ప్రచారంలో ఉంది. సంస్కృత నానుడిలో వేర్ల ప్రసక్తి లేకుండానే అదే వ్యంగ్యం ఉండటం వల్ల ఈ వివరణ నిలవడం కష్టం. అయితే ఆ వివరణ పుట్టిన తీరు గమనింపదగినది. వైద్యుని వెక్కిరించిన సామెతను వైద్య విజ్ఞానంగా మార్చాలనే ఆకాంక్ష పాఠాన్నే సవరించడానికి సిద్ధపడింది. తెలుగులో పాఠాన్ని సవరించకుండా, వెక్కిరింపు సామెతలను పట్టికలో చేర్చకుండా విడిచిపెట్టి అదే ఫలితాన్ని సాధిస్తున్నారు.

జాతీయాలలో మిగిలిన ఆచారం

తాను చెప్పదలచుకోని విషయాన్ని సాక్షి అనుకోకుండా వెల్లడించినప్పుడు ఆ సాక్ష్యానికి విలువ ఎక్కువ. ఈ దృష్టితో చూస్తే గృహవైద్య చరిత్రకు సామెతల కంటె జాతీయాలు నమ్మదగిన ఆధారాలు. జాతీయం మందును పొగడదు, సిఫారసు చేయదు. మరేదో చెప్పడానికి దానిని వాడుకుంటుంది. వాడుకోవాలంటే ఆ మందు శ్రోతలందరికీ తెలిసి ఉండాలి.

‘ఉగ్గుపాలతో నేర్చుకోవడం’ అనే జాతీయం ఇందుకు ఉదాహరణ. ఉగ్గు అంటే పసిబిడ్డలకు పట్టే ఆముదం కలిపిన పాలు. దానిని పట్టే చిన్న పాత్ర ఉగ్గుగిన్నె. విద్య, సంస్కారం, పగ వంటివి చిన్ననాటి నుంచే అబ్బాయనడానికి ఈ జాతీయాన్ని వాడతారు. ఆముదం విరేచనకారి అన్న సంగతి జాతీయంలో లేదు. మాట వాడుతున్న వారిలో చాలామందికి ఉగ్గులో ఆముదం ఉండేదని కూడా ఇప్పుడు తెలియదు. కానీ పుట్టిన బిడ్డ నోటికి మందు అందించడం ఎంత సార్వత్రికమో ఈ జాతీయం చెబుతుంది. ‘ఆముదం తాగిన ముఖం’ అనే మరో జాతీయం అదే మందును మింగవలసినవాని పక్షం నుంచి చూస్తుంది. మొదటిది పట్టేవారి జ్ఞాపకం, రెండవది తాగినవారి జ్ఞాపకం. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల మెట్ట పొలాలలో ఆముదం పంటగా నిలిచి, దీపానికీ తలకూ కడుపుకూ ఒకే నూనె అయిన జీవితం ఈ రెండింటి వెనుక ఉంది.

‘వసపిట్ట’ అనే మాట మరింత సూక్ష్మమైనది. సంస్కృత ‘వచా’ శబ్దానికి తెలుగు రూపం వస. వసకొమ్మును సానమీద అరగదీసి, తేనెతోనో తల్లిపాలతోనో పసివారి నాలుకకు రాస్తే మాటలు బాగా వస్తాయన్న నమ్మకం ఉంది. అతిగా మాట్లాడేవారిని ‘వస పోశారా’ అని అడగడం, ‘వసపిట్ట’ అనడం దాని నుంచి వచ్చాయి. వాక్కు అనే అర్థమున్న ధాతువుతో వచా శబ్దానికి ఉన్న ధ్వనిసామ్యం ఈ నమ్మకాన్ని బలపరచి ఉండవచ్చు. జాతీయం వసను పొగడటం లేదు. ఎక్కువైతే ఏమవుతుందో చెప్పి నవ్వుతున్నది. ఇక మందు గుణం విషయానికి వస్తే, వసలోని బీటా అసరోన్ జంతువులలో కణితులకు కారణమైందని తేలడంతో అమెరికా ఆహార ఔషధ పాలనా సంస్థ 1968లో దానిని ఆహార పదార్థాలలో నిషేధించింది. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదని, బొట్యులిజం అనే విషవ్యాధి ప్రమాదం ఉందని వైద్యులు హెచ్చరిస్తారు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేదీ ఇవ్వరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఉగ్గును, వసను ‘పూర్వికుల శిశు సంరక్షణ విజ్ఞానం’ అనే శీర్షిక కింద వివరణ లేకుండా పేర్కొనే వ్యాసం ఈ సంగతులను కనీసం ప్రస్తావించవలసి ఉంటుంది.

‘పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్లు’ అనే సామెతలోనూ, ‘కర్రు కాల్చి వాత పెట్టడం’ అనే జాతీయంలోనూ ఉన్న ‘వాత’ కూడా ఒకప్పటి చికిత్సను గుర్తుచేస్తుంది. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో అగ్నికర్మకు ఒక అధ్యాయం ఉంది. పచ్చకామెర్లకు, మూర్ఛకు వాత పెట్టే ఆచారం పల్లెలలో కొనసాగింది. అయితే భాష వాతను చికిత్సగా గుర్తుంచుకోలేదు. అనుకరణలోని అవివేకంగా, శిక్షగా మాత్రమే నిలుపుకుంది. పట్టించుకోదగిన విమర్శ ఒకటి ఈ అర్థ పరిణామంలో దాగి ఉంది. కాలిన చర్మం ఇచ్చిన అనుభవం మందు కంటె శిక్షకే దగ్గరగా ఉందని వాడుక నిర్ణయించింది.

‘పథ్యం’ అనే మాట నడక దీనికి భిన్నమైనది. రోగి తినదగినది పథ్యం. అది సాధారణంగా రుచిలేనిది. అయినా ‘ఆ మాట అతనికి పథ్యం కాలేదు’ అన్నప్పుడు పథ్యం అంటే రుచించినది, నచ్చినది. హితమైనదాని పేరు ప్రియమైనదానికి చెల్లడం వింతగా తోచినా, దానికి కారణం ఊహించవచ్చు. రోజుల తరబడి లంఖణాలు చేసిన రోగికి పథ్యం పెట్టే రోజు పండుగ. ఆ రోజు తిన్న చారు మెతుకులే అమృతం. ‘మందుకు కూడా దొరకదు’ అనే జాతీయంలో మరో విలువైన సంగతి ఉంది. ఒక వస్తువు బొత్తిగా లేదనడానికి ఇలా అంటారు. మందుకు కావలసినది అతి స్వల్పం అన్న అవగాహన ఇందులో ఇమిడి ఉంది. పొగడ్త సామెతలలో ఎక్కడా కనబడని మోతాదు స్పృహ, మందును గురించి చెప్పని ఈ జాతీయంలో కనబడుతుంది.

నానుడుల మౌనం

సామెతల పొగడ్తకూ ఔషధ గుణానికీ సంబంధం లేదనడానికి మరో బలమైన ఆధారం నానుడులు మౌనం వహించిన చోట దొరుకుతుంది. ఉప్పు వేసిన గంజి తెలుగు ఇళ్ళలో విరేచనాలకు, నీరసానికి మొదటి ఆసరా. బియ్యం ఆధారంగా తయారైన పునర్జలీకరణ ద్రావణాలు అతిసారంలో ఉపయోగపడతాయని 1980లలో ఢాకాలోని అంతర్జాతీయ అతిసార వ్యాధి పరిశోధన కేంద్రంలో జరిగిన పరిశోధనలు చూపాయి. గృహవైద్యంలో ప్రాణాలు నిలిపే శక్తి ఉన్న అంశం ఏదైనా ఉంటే దానికి దగ్గరగా వచ్చేది గంజి. కానీ భాషలో గంజికి దక్కిన స్థానం వేరు. ‘గంజి తాగి బతకడం’, ‘గంజికి గతిలేకపోవడం’ అనే జాతీయాలలో అది దారిద్ర్యానికి గుర్తు. గంజిని తల్లితో పోల్చిన సామెత ప్రసిద్ధంగా లేదు. పేదల నిత్యాహారం కావడం వల్ల దానికి మందు అనే గౌరవం దక్కలేదు.

నల్లేరు విషయంలోనూ ఇదే తీరు. విరిగిన ఎముకలను అతికించడానికి వాడే తీగగా సంస్కృతంలో దానికి అస్థిసంహారి వంటి పేర్లున్నాయి. తెలుగులో అది ‘నల్లేరుపై బండి నడక’ అనే జాతీయంలో సుకుమారమైన, అడ్డు రాని తీగగా మాత్రమే నిలిచింది. చిత్తూరు సీమలో పుత్తూరు కట్టు ఎముకల వైద్యానికి పేరుపొందినా, ఆ వైద్యం నుంచి బహుళ ప్రచారం పొందిన సామెత పుట్టలేదు. ప్రసిద్ధమైన చికిత్సకు ప్రసిద్ధమైన సామెత ఉండి తీరాలన్న నియమం లేదని ఈ ఉదాహరణలు నిరూపిస్తాయి.

అన్నిటికంటె గమనించవలసిన మౌనం స్త్రీలకు సంబంధించినది. ఇంట్లో మందు నూరినది, కాచినది, చాదినది, పట్టినది స్త్రీ. బాలింతకు శొంఠి, పిప్పళ్ళు, బెల్లం, నెయ్యి కలిపి కాయం చేసిపెట్టినది ఆమె తల్లి లేదా అత్త. సామెతలలో మాత్రం వైద్యుడు పుంలింగం. స్త్రీ వైద్యసేవ చేస్తూ కనిపించే బాగా తెలిసిన సామెత “మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి” అనేది. అందులో మంత్రసాని నైపుణ్యం ప్రస్తావన లేదు. ఆమె భరించవలసిన అసహ్యం మాత్రమే హాస్యవస్తువైంది. ప్రాణాలను చేతిలో పట్టుకున్న వృత్తి అనివార్యమైన కష్టానికి ఉపమానంగా కుదించుకుపోయింది. ఉల్లి సామెతలో తల్లి ఉన్నది కదా అనవచ్చు. కానీ అక్కడ తల్లి వైద్యం చేసే మనిషిగా లేదు. ఉల్లి గొప్పతనానికి కొలబద్దగా ఉంది. మందు పెట్టిన చేతిని తక్కువచేసి మందును పైకెత్తిన వాక్యం అది. ఆ సామెతను గృహవైద్య ప్రశస్తిగా ఉదాహరించే ముందు ఈ సంగతిని ఆలోచించాలి.

కొలతలో ఉన్న విజ్ఞానం

సామెతలలో లేని వైద్య విజ్ఞానం వాచిక సంప్రదాయంలో మరెక్కడైనా ఉన్నదా అనే ప్రశ్న సహజంగా వస్తుంది. ఉంది. అది కొలత మాటలలో, చేసే పని మాటలలో, నిషేధాలలో ఉంది. చిటికెడు, పిడికెడు, గుప్పెడు, దోసెడు, ఉద్ధరిణెడు. గురిగింజ ఎత్తు, కందిగింజంత, శనగగింజంత, రేగుపండంత, ఉసిరికాయంత అనేవి గృహవైద్యం వాడుకున్న మానాలు. నాలుగు కర్షాలు ఒక పలం అనే శాస్త్రమానానికి పక్కన ఇంటిలో నడిచిన మానం ఇది. చాదడం, నూరడం, దంచడం, కాచడం, వడగట్టడం, పట్టువేయడం అనే క్రియలు ఒకదానికొకటి పర్యాయాలు కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క తయారీ పద్ధతి. సానమీద చాదినప్పుడు కొమ్ము నుంచి వచ్చేది రెండు మూడు గీతల పదార్థం. దంచితే వచ్చేది మొత్తం కొమ్ము. పసిబిడ్డకు వస ‘చాదాలి’ అన్న మాటలోనే మోతాదుకు సంబంధించిన హెచ్చరిక ఉంది.

ఈ సంపద సామెతల సంపుటాలలో దొరకదు. కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ 1868లో మద్రాసులో ప్రకటించిన ‘ఆంధ్ర లోకోక్తి చంద్రిక’ నుంచి ఇటీవలి సంకలనాల వరకు అకారాది క్రమం ప్రధాన పద్ధతిగా సాగింది. నిఘంటువుగా అది ఉపయోగకరమే. కానీ ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారనే సమాచారానికి ఆ క్రమంలో చోటు లేదు. సామెతల సేకరణలో సందర్భం లేని పాఠం అసంపూర్ణమని ఓజో అరేవా, అలన్ డండెస్ 1964లోనే వాదించారు. గృహవైద్యం విషయంలో ఆ అసంపూర్ణత మరింత బరువైనది. మందు పేరు మాత్రమే రాసుకొని కొలతను, వయసును, పథ్యాన్ని, ఎప్పుడు మానాలో చెప్పే మాటను విడిచిపెట్టిన సేకరణ, విజ్ఞానాన్ని విడిచి దాని పేరును మాత్రమే తెచ్చుకున్నట్లవుతుంది.

సరైన సేకరణకు ఎంత విలువ ఉండగలదో పసుపు పేటెంటు వివాదం చూపింది. గాయాలు మాన్పడానికి పసుపును వాడే పద్ధతిపై 1995లో అమెరికాలో పేటెంటు మంజూరైంది. భారతదేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి దానిని సవాలు చేయగా 1997లో అది రద్దయింది. ఆ సవాలుకు బలమిచ్చినవి ప్రాచీన గ్రంథాలు, భారతీయ వైద్య పత్రికలో 1953లో అచ్చయిన వ్యాసం వంటి లిఖిత ఆధారాలు. ఇతర దేశాలలో వాడుకలో మాత్రమే ఉండి లిఖితం కాని జ్ఞానాన్ని ముందస్తు ఆధారంగా నాటి అమెరికా పేటెంటు చట్టం అంగీకరించేది కాదు. ప్రతి ఇంట్లో పసుపు అద్దిన చేతులు ఉన్నా, ఆ పని ఎలా చేశారో రాసిన కాగితానికే అక్కడ విలువ దక్కింది. పసుపును గురించిన సామెతలు, మంగళ సంకేతాలు ఎన్ని ఉన్నా అక్కడ పనికివచ్చేవి కావు. ద్రవ్యం, రూపం, ప్రయోజనం వివరంగా నమోదైన పాఠమే పనికివచ్చింది. తెలుగు శాఖలు గృహవైద్య సేకరణను చేపట్టదలిస్తే పాటించవలసిన ప్రమాణం ఇదే.

ఉపసంహారం

సామెతలలో వైద్య విజ్ఞానం లేదనడం వల్ల వాటి విలువ తగ్గదు. సామెత మనుషులను గురించిన తీర్పు. మందు, రోగి, వైద్యుడు, పథ్యం అనేవి ఆ తీర్పు చెప్పడానికి దొరికిన సామగ్రి. తెలుగు సామెత వైద్యుని అనుమానించింది, రోగి మాటను కూడా అనుమానించింది, దగ్గరి మందును చులకన చేసే మనసును వెక్కిరించింది. పూర్వికులకు మందు మీద ఎంత నమ్మకం ఉండేదో, ఆ నమ్మకానికి ఎన్ని హద్దులు పెట్టుకున్నారో చెప్పగలిగినది ఈ వ్యంగ్యమే. పొగడ్త సామెతలను మాత్రమే ఏరి పట్టిక వేసే పద్ధతి వల్ల వారు తమకంటె అమాయకులుగా కనబడతారు.

ఈ పరిశీలనను బట్టి మూడు సూచనలు చేయవచ్చు. మొదటిది, సామెతను ఆచారానికి సాక్ష్యంగా చూపినప్పుడు ఆచారపు ఫలితానికి కూడా సాక్ష్యంగా చూపరాదు. ఫలితం చెప్పవలసి వస్తే వైద్య పరిశోధనను ఆశ్రయించాలి. రెండవది, ప్రాస వంటి రూపబంధాలు ద్రవ్యాన్ని ఎంచిన చోట ఆ ఎంపికను వైద్యానుభవానికి ఆపాదించే ముందు విచారించాలి. మూడవది, క్షేత్ర పరిశోధకులు మందు పేరుతో పాటు కొలతను, తయారీ క్రియను, వయసును, నిషేధాన్ని, చెప్పిన స్త్రీ లేదా పురుషుని నేపథ్యాన్ని నమోదు చేయాలి. ఆ మందు పనిచేయని సందర్భాలను కూడా అడిగి రాసుకోవాలి. ఉగ్గుగిన్నెలు ఇప్పుడు చాలా ఇళ్ళలో అటకమీదనో, వెండి సామాను పెట్టెలోనో ఉన్నాయి. వాటితో మందు పట్టిన తరంలో ఇంకా మాట్లాడగలిగినవారు కొద్దిమంది మిగిలారు. ఉగ్గులో ఎంత ఆముదం, ఏ నెల నుంచి, ఏ బిడ్డకు వద్దు అనే ప్రశ్నలకు వారి వద్ద సమాధానాలు ఉన్నాయి. ఆ సమాధానాలు ఏ సామెతలోనూ లేవు.